సోడియం ఎలక్ట్రాన్ ఇస్తే 147 కిలోజౌళ్ళు నష్టం కదా, మరి ఉప్పు ఎలా తయారవుతోంది?

గుణుపూర్‌లో ప్లస్ టూ చదువుతున్న అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది, టూకీగా మళ్ళీ రాస్తున్నా: "సోడియం నుంచి ఎలక్ట్రాన్ తియ్యడానికి మోల్‌కి 496 కిలోజౌళ్ళు పెట్టాలని పుస్తకంలో ఉంది, క్లోరిన్ దాన్ని తీసుకుంటే 349 విడుదలవుతాయని ఉంది. అంటే 147 నష్టం. కానీ మా సార్ ఆక్టెట్ (బయటి పొరలో ఎనిమిది ఎలక్ట్రాన్లు) నిండితే ఎనర్జీ వస్తుంది, అందుకే సోడియం ఎలక్ట్రాన్ ఇచ్చేస్తుంది అంటున్నారు. ఎవరు రైటు? ఇంగ్లీషులో వెతికితే అర్థం కావట్లేదు, తెలుగులో చెప్పండి."

ముందు శభాష్ అమ్మా. నేను పర్లాకిమిడిలో 28 ఏళ్ళు కెమిస్ట్రీ ట్యూషన్లు చెప్పాను, ఇన్నేళ్ళలో ఈ తీసివేత వేసి చూసి అడిగినవాళ్ళు పది మంది కూడా ఉండరు, మిగతావాళ్ళంతా రెండు అంకెలూ బట్టీ పట్టి పక్కపక్కన పెట్టి పడుకున్నవాళ్ళే. నువ్వు అంటున్నానని ఏమనుకోకు, నా దగ్గర చదువుకున్నవాళ్ళ పిల్లలు ఇప్పుడు నీ ఈడువాళ్ళు.

సూటిగా జవాబు: నీ లెక్క కరెక్టు. సోడియం ఆటమ్ ఒంటరిగా ఉన్నప్పుడు ఎలక్ట్రాన్ వదిలితే ఎనర్జీ రాదు, మనమే పెట్టాలి. క్లోరిన్ తిరిగిచ్చేది దానికి సరిపోదు. ఆ లోటు పూడ్చేది ఆక్టెట్ కాదు. ఎలక్ట్రాన్ చేతులు మారాక ఆటమ్‌లు చార్జి ఎక్కి అయాన్లు అవుతాయి, ఇచ్చినది ప్లస్, పుచ్చుకున్నది మైనస్. ఆ ప్లస్ అయాన్లూ మైనస్ అయాన్లూ ఒకదాన్నొకటి లాక్కుని వరసలుగా పేర్చుకుంటాయి చూడు, అప్పుడు బయటికొచ్చే ఎనర్జీ పూడుస్తుంది, దాన్నే లాటిస్ ఎనర్జీ అంటారు. ఉప్పుకి అది 788. మీ సార్ చెప్పింది పరీక్షకి పనికొచ్చే సగం మాట, పూర్తిగా తప్పనను గానీ ఆ "అందుకే" అన్నది మాత్రం తప్పు.

ఇంకో సంగతి చెప్తే నీకే ఆశ్చర్యం వేస్తుంది. మొత్తం పీరియాడిక్ టేబుల్‌లో అన్నిటికన్నా తేలిగ్గా ఎలక్ట్రాన్ వదిలేది సీసియం, దానికి కూడా 376 పెట్టాలి. అన్నిటికన్నా ఎక్కువ ఎనర్జీ ఇచ్చి ఎలక్ట్రాన్ పుచ్చుకునేది క్లోరిన్, అది ఇచ్చేది 349. అంటే ఏ రెండు ఆటమ్‌లని తీసుకున్నా, దూరదూరంగా ఉంచి ఒకదాని ఎలక్ట్రాన్ తీసి ఇంకోదానికి ఇస్తే ఎప్పుడూ నష్టమే, లాభం వచ్చే జత ఒక్కటి కూడా లేదు. సోడియం "ఇవ్వాలని కోరుకుంటుంది", క్లోరిన్ "అడుగుతుంది" అనేవన్నీ చిన్నపిల్లలకి చెప్పే కథలు, నేనూ చెప్పాను తొమ్మిదో క్లాసు వాళ్ళకి, కాదనను. సోడియం దానధర్మం ఏటంటే అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఖర్చు ఇంకెవరిదో.

పుస్తకంలో డెఫినిషన్ మళ్ళీ ఒకసారి చూడు. "వాయుస్థితిలో ఉన్న ఒంటరి పరమాణువు నుంచి" అని ఉంటుంది. ఈ మాటలు అందరూ గబగబా దాటేస్తారు, అసలు కిటుకంతా అక్కడే ఉంది. 496, 349 ఈ రెండు అంకెలూ చుట్టుపక్కల ఏమీ లేని ఆటమ్‌కి సంబంధించినవి. మరి నిజంగా ఉప్పు తయారయ్యేటప్పుడు చుట్టుపక్కల ఏమీ లేకుండా ఉంటుందా?

నేను ట్యూషన్‌లో బోర్డు మీద నిలువుగా గీత గీసి, కిరాణా కొట్టు పద్దులాగ ఎడమ పక్క ఖర్చు, కుడి పక్క జమ అని రాయించేవాణ్ణి. ఉప్పు పద్దు ఇలాగ ఉంటుంది. సోడియం లోహం ముక్కని విడి ఆటమ్‌లుగా ఆవిరి చెయ్యడానికి 108 ఖర్చు. క్లోరిన్ జంటగా ఉంటుంది కదా, ఆ జంటని విడదీసి ఒక ఆటమ్ తెచ్చుకోవడానికి 122 ఖర్చు. సోడియం ఎలక్ట్రాన్ ఊడదీయడానికి 496 ఖర్చు. మొత్తం 726. జమ వైపు క్లోరిన్ ఇచ్చిన 349 వెయ్యి, ఇంకా 377 అప్పులోనే ఉన్నాం, చూశావా నువ్వనుకున్న 147 కన్నా అసలు లోటు ఇంకా ఎక్కువ. ఇప్పుడు అయాన్లు పేర్చుకున్నందుకు 788 జమ. 788లోంచి 377 పోతే 411 మిగిలింది. సోడియం క్లోరైడ్ తయారైనప్పుడు విడుదలయ్యే వేడి ప్రయోగం చేసి కొలిస్తే వచ్చేదీ 411 కిలోజౌళ్ళే. దీన్ని బోర్న్–హేబర్ సైకిల్ అంటారు, మాక్స్ బోర్న్, ఫ్రిట్జ్ హేబర్ ఇద్దరూ 1919లో ఈ పద్ధతి పెట్టారు. మీ పుస్తకంలో త్రిభుజాలు, బాణాలు వేసి భయపెట్టి ఉంటారు, పద్దులాగ రాసుకో, ఏమీ లేదు అందులో.

788 అంత పెద్ద అంకె ఎక్కణ్ణించి వచ్చింది అంటావేమో. ఇక్కడ కొంచెం నిదానంగా చదువు, నాకు ఇష్టమైన చోటు ఇదే.

ఒక ప్లస్ అయాన్, ఒక మైనస్ అయాన్ దగ్గరకి వస్తే ఎంత ఎనర్జీ వస్తుందో తెలియాలంటే ఒక చిన్న సూత్రం చాలు: 1389ని వాటి మధ్య దూరంతో భాగించాలి, దూరం ఆంగ్‌స్ట్రాంలలో (సెంటీమీటర్‌లో పది కోట్లో వంతు ఒక ఆంగ్‌స్ట్రాం) పెడితే జవాబు కిలోజౌళ్ళలో వస్తుంది. ఇప్పుడు నీ 147 తీసుకో. 1389ని 147తో భాగిస్తే 9.4 వస్తుంది. అంటే ఏటి? సోడియం, క్లోరిన్ ఆటమ్‌లు 9.4 ఆంగ్‌స్ట్రాంల కన్నా దూరంగా ఉన్నంతసేపూ ఎలక్ట్రాన్ మారితే నష్టం, ఆ దూరం లోపలికి వచ్చాయంటే లాభం మొదలు. ఒకదాన్నొకటి తగలక్కర్లేదు, ఇంకా చాలా ఎడం ఉండగానే ఎలక్ట్రాన్ అటు దూకేస్తుంది, దూకాక ఆ ప్లస్ మైనస్ లాగుడుకి రెండూ దగ్గరకొచ్చేస్తాయి. ఆల్కలీ లోహాల ఆవిరి క్లోరిన్ లాంటి గ్యాసులతో కలిసినప్పుడు సరిగ్గా ఇలాగే జరుగుతుంది, దీనికి హార్పూన్ మెకానిజం అని పేరు, ఈ ఆలోచన మైకేల్ పొలాన్యీది. హార్పూన్ అంటే తాడు కట్టిన బల్లెం, పెద్ద చేపలమీద విసిరి లాక్కుంటారు కదా, ఇక్కడ ఎలక్ట్రానే బల్లెం.

ఇక గడ్డ ఉప్పులోకి వద్దాం. అందులో సోడియంకీ క్లోరిన్‌కీ మధ్య దూరం 2.82 ఆంగ్‌స్ట్రాంలు. 1389ని 2.82తో భాగించు, 493 దగ్గర వస్తుంది. ఒక్క జతకే ఇంత. కానీ ఉప్పు పలుకులో ఒక్కో సోడియం చుట్టూ 6 క్లోరైడ్‌లు ఉంటాయి, అవి లాగుతాయి, వాటి వెనక 12 సోడియంలు, అవి నెడతాయి, వాటి వెనక 8 క్లోరైడ్‌లు మళ్ళీ లాగుతాయి, ఇలా పోతూ ఉంటుంది. ఈ లాగుళ్ళూ నెట్టుళ్ళూ అన్నీ కలిపితే ఒక జతకి వచ్చినదానికి 1.748 రెట్లు తేలుతుంది, మాడెలుంగ్ స్థిరాంకం అంటారు దాన్ని. 493ని 1.748తో గుణిస్తే 862 దగ్గర వస్తుంది. అయాన్లు మరీ దగ్గరైతే వాటి ఎలక్ట్రాన్ మబ్బులు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, దానికి కొంత పోను ఆ 788 మిగులుతుంది. నౌపడ మీదుగా రైల్లో వెళ్ళినప్పుడల్లా ఆ ఉప్పు మళ్ళు, గట్ల మీద తెల్లగా పోసిన కుప్పలు చూసి నాకు ఈ 1.748 గుర్తొస్తుంది, మా ఆవిడ మాత్రం కిలో ఎంతకి ఇస్తారో అడగమంటుంది.

సరే గానీ ఆ కుప్పలోని ఒక్క కిలో ఉప్పుని మళ్ళీ సోడియం లోహంగా, క్లోరిన్ గ్యాసుగా విడగొట్టాలనుకో. ఒక మోల్ ఉప్పు 58.5 గ్రాములు, కిలోకి 17 మోల్‌ల చిల్లర ఉంటాయి, 411తో గుణించి యూనిట్లలోకి మార్చితే దగ్గరదగ్గర 2 యూనిట్లు తేలుతుంది. అంటే పైసా వేస్ట్ లేకుండా చేసినా కిలోకి ఆ 2 యూనిట్ల ఎనర్జీ పెట్టాల్సిందే, నిజం ఫ్యాక్టరీలో ఇంకా ఎక్కువ. సోడియానికి దాని ఎలక్ట్రాన్ తిరిగివ్వడానికి అయ్యే కరెంటు బిల్లు అన్నమాట.

మరి ఆక్టెట్ అనేది ఉత్తదేనా? ఉత్తది కాదు. దాని పని వేరే. సోడియం ఒక ఎలక్ట్రాన్ ఇస్తే ఇంత లాభం వస్తోంది కదా, రెండు ఇస్తే అయాన్ మీద చార్జి డబుల్ అవుతుంది, లాటిస్ ఎనర్జీ ఇంకా పెరుగుతుంది, మరి ఎందుకివ్వదు అని అడిగితే అప్పుడు ఆక్టెట్ వస్తుంది. సోడియం రెండో ఎలక్ట్రాన్ తియ్యాలంటే 4,562 కిలోజౌళ్ళు. మొదటిదానికి తొమ్మిది రెట్లు పైనే. ఎందుకంటే ఆ రెండోది లోపలి షెల్‌లోది, న్యూక్లియస్‌కి దగ్గర, మధ్యలో అడ్డం ఉండే ఎలక్ట్రాన్లు తక్కువ. సోడియం ఒకటి, క్లోరిన్ రెండు ఉండే ఉప్పుకి పద్దు వేస్తే ఖర్చులోంచి రెండు క్లోరిన్లు ఇచ్చేది తీసేసినా 4,700 పైన తేలుతుంది, పక్కింటి మెగ్నీషియం క్లోరైడ్‌ని చూసి అంచనా వేస్తే లాటిస్ ఎనర్జీ మహా అయితే 2,500 దగ్గర ఉంటుంది. దివాలా. అదే మెగ్నీషియంకి మొదటిది 738, రెండోది 1,451, రెండూ కలిపి 2,189, లాటిస్ ఆ ఖర్చు మొయ్యగలదు కాబట్టి రెండూ ఇస్తుంది, మూడోది 7,733 కాబట్టి అక్కడ ఆగుతుంది. లాటిస్ ఎంతవరకు మొయ్యగలదో అంతవరకే ఎలక్ట్రాన్లు పోతాయి, ఆక్టెట్ దగ్గర రేటు ఒక్కసారిగా ఆకాశానికి అంటుతుంది కాబట్టి ఆగడం కూడా అక్కడే ఆగుతాయి. మీ సార్‌తో వాదించాలంటే ఈ ముక్క చెప్పు, కానీ మర్యాదగా చెప్పు.

ఇందులో పిల్లలు పడే గోతులు కొన్ని ఉన్నాయి, నేను చూసినవి చెప్తాను.

మొదటిది గుర్తుల గోల. పాత గైడ్లలో క్లోరిన్ ఎలక్ట్రాన్ అఫినిటీ ప్లస్ 349 అని ఉంటుంది, అంటే "ఇంత విడుదలవుతుంది" అని. ఇప్పటి పుస్తకాల్లో ఎలక్ట్రాన్ గెయిన్ ఎంథాల్పీ మైనస్ 349 అని ఉంటుంది. రెండూ ఒకటే. మాది ఒడిశా–ఆంధ్ర బోర్డర్ కదా, పిల్లలు ఒక పుస్తకం బరంపురంలో, ఇంకోటి శ్రీకాకుళంలో, మూడోది వాళ్ళ అన్నయ్యది పాతది పెట్టుకుని కూర్చుంటారు, ఒక కుర్రాడైతే ఒకే లెక్కలో సగం ఈ పద్ధతి సగం ఆ పద్ధతి కలిపేసి ఉప్పు తయారవ్వడం అసాధ్యం అని తేల్చాడు, వాడి ముందు డబ్బాలో ఉప్పు ఉంది, జామకాయలకి అద్దుకుంటున్నాడు.

రెండోది గ్యాస్ పొయ్యి. ఉప్పేసిన పప్పుచారు పొంగి మంట మీద పడితే నీలం మంట పసుపు అయిపోతుంది కదా, సోడియం ఎలక్ట్రాన్ పోయి అయాన్ అయింది అందుకే ఆ రంగు అని చాలామంది రాస్తారు. కాదు. ఆ పసుపు వెలుగు 589 నానోమీటర్లు, దాని ఎనర్జీ 2.1 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు. ఎలక్ట్రాన్ పూర్తిగా ఊడాలంటే 5.14 కావాలి (నీ 496 కిలోజౌళ్ళే, ఒక్క ఆటమ్ లెక్కన). మంటలో జరిగేది ఎలక్ట్రాన్ ఒక మెట్టు ఎక్కి మళ్ళీ కిందకి దిగడం, ఇల్లు వదిలి పోవడం కాదు. ఉప్పులో ఉన్నప్పుడు అది అయానే, మంటలో పడ్డాక కొన్నిటికి ఎలక్ట్రాన్ తిరిగొచ్చి మామూలు ఆటమ్‌లు అవుతాయి, వెలిగేది అవి. ఎంత వేడికి ఎంత మంది ఇల్లు వదులుతారు అనే లెక్క 1920లో మన మేఘనాద్ సాహా వేశారు, దాంతోనే నక్షత్రాల వెలుగు చూసి వాటి వేడి చెప్పగలుగుతున్నారు. సూర్యుడి మచ్చల్లో సోడియం గీతలు ఎందుకు బాగా కనిపిస్తాయంటే అక్కడ కొంచెం చల్లన, ఎలక్ట్రాన్ వదలని ఆటమ్‌లు ఎక్కువ మిగులుతాయి.

మూడోది ఫ్లోరిన్. క్లోరిన్ 349 ఇస్తే టేబుల్‌లో దానికన్నా పైన ఉన్న ఫ్లోరిన్ 328 మాత్రమే ఇస్తుంది, ఎందుకంటే అది మరీ చిన్నది, ఉన్న ఎలక్ట్రాన్లే ఇరుకుగా ఉన్నాయి, వచ్చినదాన్ని తోస్తాయి. అయినా రియాక్షన్లలో ఫ్లోరిన్‌దే పైచేయి, దాని జంట బంధం విడగొట్టడం తేలిక, పైగా అయాన్ చిన్నది కాబట్టి లాటిస్‌లో దగ్గరగా సర్దుకుని ఎక్కువ ఇస్తుంది. మళ్ళీ అదే కథ చూడు, ఒంటరి ఆటమ్ అంకె ఒక్కటే పట్టుకుంటే తప్పుతుంది.

నా దగ్గర చదివిన ఒక అబ్బాయి, ఇప్పుడు రాయగడలో ఉద్యోగం, ఒకసారి క్లాసు మధ్యలో లేచి అడిగాడు: "మాస్టారూ, 788 పెడితే గానీ విడిపోని అయాన్లు గ్లాసుడు నీళ్ళల్లో చెంచాతో తిప్పితే ఎలా విడిపోతున్నాయి?" ఆ రోజు నాకు చాలా సంతోషం వేసింది. నీళ్ళు ఊరికే విడగొట్టవు, అయాన్ల చుట్టూ మూగుతాయి, ఆ మూగినందుకు 784 వస్తుంది. 788 ఖర్చు, 784 జమ, 4 మాత్రమే లోటు, అది నీళ్ళ వేడిలోంచి లాక్కుంటుంది, అందుకే ఉప్పు కలిపితే నీళ్ళు ఒక పిసరు చల్లబడతాయి. చేతికి తెలీదు, మంచి థర్మామీటర్ ఉంటే తెలుస్తుంది. (లోటులో ఉన్నా కరుగుతోందేం అంటే అది ఎంట్రోపీ సంగతి, ఇంకో రోజు.)

నీళ్ళు అనగానే ఇంకోటి గుర్తొచ్చింది. నేను డిగ్రీ చదివే రోజుల్లో మా కాలేజీ ల్యాబులో అటెండర్ కిరోసిన్ సీసాలో మిగిలిపోయిన సోడియం ముక్క, నిమ్మకాయంత ఉంటుంది, ఎలాగోలా వదిలించుకుందామని సింకులో పడేసి కుళాయి తిప్పాడు. ఢామ్మని శబ్దం, సింకు మూడు ముక్కలు, పై కప్పు సున్నం అంతా రాలింది, దేవుడి దయవల్ల అతను అప్పటికే గుమ్మం దాటాడు. హైడ్రోజన్ అంటుకుని పేలింది అని మాకు చెప్పారు, నేనూ పాతికేళ్ళు అదే చెప్పాను. తర్వాత 2015లో ప్రాగ్‌లో పావెల్ యుంగ్‌విర్త్ బృందం సోడియం–పొటాషియం మిశ్రమం చుక్కలు నీళ్ళల్లో వేసి హైస్పీడు కెమెరాతో తీశారు. అందులో తేలిందేంటంటే, లోహం నీటిని తాకీ తాకగానే పైనున్న ఎలక్ట్రాన్లు గబుక్కున నీళ్ళలోకి పోతాయి, వెనక మిగిలినవన్నీ ప్లస్ అయాన్లే, అవి ఒకదాన్నొకటి నెట్టుకుని లోహం సూదుల్లాగ నీళ్ళలోకి చొచ్చుకుపోతుంది, దాంతో కొత్త లోహం నీటికి తగులుతుంది, అలా పేలుడు అందుకుంటుంది. హైడ్రోజన్ మంట తర్వాతి సంగతి. ఎలక్ట్రాన్ పోవడం అంటే కాగితం మీద బాణం గుర్తు అనుకునేవాళ్ళకి ఆ సింకు చూపించాలి. అన్నట్టు ల్యాబులో సోడియం ముట్టుకుంటే శనగగింజంత ముక్కే, అదీ మీ లెక్చరర్ పక్కన ఉండగానే.

నీకు ఒక లెక్క ఇస్తున్నా, ఖర్చు జమ గీత గీసి చెయ్యి. మెగ్నీషియం ఆక్సైడ్. మెగ్నీషియం ఆవిరి చెయ్యడానికి 148. రెండు ఎలక్ట్రాన్లకి 2,189. ఆక్సిజన్ జంట విడగొట్టి ఒక ఆటమ్‌కి 249. ఆక్సిజన్ మొదటి ఎలక్ట్రాన్ పుచ్చుకుంటే 141 ఇస్తుంది, కానీ రెండోదాన్ని పుచ్చుకోవడానికి అదే ఎదురు 744 అడుగుతుంది, అప్పటికే మైనస్‌లో ఉన్నదాంట్లోకి ఇంకో మైనస్‌ని తొయ్యాలి కదా, ఏ పక్క రాయాలో చూసి రాయి, అందరూ తప్పేది అక్కడే. లాటిస్ ఎనర్జీ 3,791. ఆఖర్న 602 మిగిలితే రైటు. రాకపోతే నీ పద్దు ఫోటో తీసి ఇక్కడే పెట్టు, రాత్రి భోజనం అయ్యాక చూస్తాను.